దంతవైద్యులకు ఓపియాయిడ్ మందులపై శిక్షణ: ఎనిమిది గంటలను ఎలా రూపొందించుకోవాలి

హైదరాబాదులోనో విజయవాడలోనో బీడీఎస్ పూర్తిచేసి, ఆ తర్వాత అమెరికాలో రెండు మూడేళ్లు మళ్లీ చదివి లైసెన్సు పొందిన తెలుగు దంతవైద్యులలో కొందరు ఇప్పుడు అక్కడ సొంత క్లినిక్కులు నడుపుతున్నారు, మరికొందరు కళాశాలల్లో పాఠాలు చెబుతున్నారు. కొత్తగా చేరిన వైద్యులకు నొప్పి మందుల గురించి, ముఖ్యంగా హైడ్రోకోడోన్, ఆక్సీకోడోన్ వంటి ఓపియాయిడ్ మందుల (వ్యసనంగా మారే ప్రమాదమున్న, నల్లమందు తరహా బలమైన నొప్పి మందుల) గురించి శిక్షణ ఇప్పించే బాధ్యత ఇలాంటివారి మీద పడుతూ ఉంటుంది. మీరు అలాంటి బాధ్యతలో ఉంటే, ఆ శిక్షణను ఏ వరసలో, దేనికి ఎంత సమయం కేటాయించి జరపాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం చెప్పాలి. ఇలాంటి తరగతులలో ఎక్కువ సమయం చట్టాలకూ, "తక్కువ మాత్రలు రాయండి" అన్న హెచ్చరికకూ పోతుంది. వ్యసనంతో బాధపడుతున్న మనిషి ఎదురుగా కుర్చీలో కూర్చున్నప్పుడు ఏం అడగాలి, ఆయన నిజం చెబితే ఆ తర్వాత ఏం చేయాలి అన్నది చివరి అరగంటలో హడావిడిగా ముగుస్తుంది. మందుల చీటీ మీద సంఖ్య తగ్గించడం ఒక్క సాయంత్రంలో నేర్చుకోవచ్చు, కానీ సిగ్గుతో తల దించుకున్న రోగిని నొప్పించకుండా మాట్లాడించడానికి అభ్యాసం కావాలి. అందుచేత ఎనిమిది గంటల్లో కనీసం సగం ఈ రెండో భాగానికి కేటాయించండి.

మొదటి పని: చట్టం ఏమి అడుగుతోందో తేల్చుకోవడం

2022 డిసెంబరు 29న అమెరికాలో సంతకమైన బడ్జెట్ చట్టంలో భాగంగా మేట్ చట్టం వచ్చింది. దాని ప్రకారం, నియంత్రిత మందులు రాయడానికి అమెరికా మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏ దగ్గర రిజిస్ట్రేషన్ ఉన్న వైద్యులందరూ (పశువైద్యులు మినహా) 8 గంటల శిక్షణ పొందినట్టు ఒక్కసారి ధ్రువీకరించాలి. 2023 జూన్ 27 నుంచి కొత్తగా రిజిస్టరు చేసుకునేటప్పుడు గానీ, ఆ తేదీ తర్వాత మొదటిసారి పునరుద్ధరించుకునేటప్పుడు గానీ ఆ ధ్రువీకరణ ఇవ్వాలి. దంతవైద్యులకు ఇందులో ప్రత్యేకమైన వెసులుబాటు ఉంది. దంతాల నొప్పిని మందులతో సురక్షితంగా తగ్గించడం, వ్యసనం ఉన్నవారిని లేదా ఆ ప్రమాదం ఉన్నవారిని గుర్తించడం, క్లుప్తంగా సలహా ఇచ్చి తగిన చికిత్సకు పంపడం అన్న అంశాలతో నడిచిన శిక్షణ కూడా ఈ లెక్కలో చెల్లుతుంది.

ఎనిమిది గంటలూ ఒకే రోజు పూర్తి కావాలన్న నియమం లేదు. గుర్తింపు ఉన్న సంస్థల దగ్గర ఇంతకుముందు పొందిన శిక్షణను కూడా కలుపుకోవచ్చు. అమెరికాలోని గుర్తింపు పొందిన దంతవైద్య కళాశాల నుంచి గడిచిన ఐదేళ్లలో పట్టా పొందినవారికి, ఆ పాఠ్యక్రమంలోనే ఇది ఎనిమిది గంటలకు తగ్గకుండా ఉంటే, మళ్లీ చదవనక్కరలేదు. మన దేశంలో చేసిన బీడీఎస్ ఈ మినహాయింపులోకి రాదు. ఇక ఆయా రాష్ట్రాల దంతవైద్య బోర్డులు లైసెన్సు పునరుద్ధరణకు విడిగా అడిగే గంటలు వేరు, వాటి విషయాంశాలూ వేరు కావచ్చు. కాబట్టి తరగతి తేదీ ఖరారు చేయడానికి ముందే మీ రాష్ట్ర బోర్డు నియమాలు చదివి, ఒకే శిక్షణ రెండింటికీ పనికివచ్చేలా అంశాలు కూర్చుకోండి. గుర్తింపు ఉన్న నిరంతర విద్యా సంస్థతో కలిసి నడిపితే సర్టిఫికెట్ల విషయంలో తర్వాత ఇబ్బంది ఉండదు.

రెండో పని: మీ క్లినిక్ రాస్తున్నది మీరే లెక్కించడం

శిక్షణకు ఒక నెల ముందే, గడిచిన ఆరు నెలల్లో మీ క్లినిక్ నుంచి వెళ్లిన ఓపియాయిడ్ చీటీలన్నీ బయటికి తీయండి. ఏ చికిత్సకు, ఏ వయసువారికి, ఎన్ని మాత్రలు, ఎన్ని రోజులకు అని నాలుగు గడుల పట్టిక చాలు. వైద్యుల పేర్లు తీసేసి ఆ పట్టికను తరగతిలో చూపిస్తే, ఒకే రకమైన జ్ఞానదంతం తీసిన తర్వాత ఒకరు ఏమీ రాయకుండా పంపితే మరొకరు ఇరవై మాత్రలు రాశారన్న సంగతి ఎవరూ చెప్పకుండానే బయటపడుతుంది.

దేశం మొత్తం లెక్కలు ఆ తర్వాత చూపించవచ్చు. 2016లో అమెరికా దంతవైద్యులు రాసిన మందుల చీటీలలో 22 శాతానికి పైగా ఓపియాయిడ్లవే కాగా, ఇంగ్లండులో అది ఒక శాతం కూడా లేదు. ఇంగ్లండులో పన్ను తీయించుకున్నవారికి నొప్పి తక్కువగా ఉంటుందని ఎవరూ అనలేరు కదా. ఇంకొక పరిశీలన మరింత ఆలోచింపజేస్తుంది. అంతకుముందు ఓపియాయిడ్లు వాడని 16 నుంచి 25 ఏళ్ల యువతలో, 2015లో దంతవైద్యుని దగ్గర మొదటిసారి ఆ మందు అందుకున్నవారిలో సుమారు 7 శాతం మంది మూడు నెలలు దాటాక, ఏడాదిలోపు మళ్లీ ఓపియాయిడ్ చీటీ తీసుకున్నారు. దంతవైద్యుని దగ్గర ఆ మందు అందుకోని, పోల్చి చూసిన వర్గంలో ఆ సంఖ్య 0.1 శాతం మాత్రమే. జ్ఞానదంతాలు తీయించుకునే వయసు సరిగ్గా ఇదే. చాలామంది పిల్లలకు జీవితంలో మొదటి ఓపియాయిడ్ మాత్ర పంటి డాక్టరు చేతి మీదుగానే అందుతుందన్న సంగతి తరగతిలో ప్రతి ఒక్కరికీ పట్టాలి.

మూడో పని: నొప్పి పాఠం

దీనికి రెండున్నర గంటలు పెట్టుకోండి. పంటినొప్పికి అసలు మందు పంటికి చేసే చికిత్సేనన్న మాటతో మొదలుపెట్టాలి. చీము తీయడం, నరానికి చికిత్స చేయడం, అవసరమైతే పన్ను తీయడం జరగకుండా మాత్రలతో వారం నెట్టుకురావడం చికిత్స అనిపించుకోదు. శుక్రవారం సాయంత్రం ఫోను చేసిన రోగికి సోమవారం దాకా ఓపియాయిడ్ రాసి ఊరుకునే అలవాటు ఎక్కడైనా ఉంటే, దాని మందు క్లినిక్ అపాయింట్‌మెంట్ పుస్తకంలో ఉంది: అత్యవసర రోగుల కోసం రోజూ ఒక గడి ఖాళీగా ఉంచమని చెప్పండి.

అమెరికన్ డెంటల్ అసోసియేషన్, పిట్స్‌బర్గ్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయాలు కలిసి తయారుచేసిన మార్గదర్శకాలు ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు సంబంధించినవి 2023లో, అంతకు పైబడిన వయసువారివి 2024లో వెలువడ్డాయి. వాటి సారం స్పష్టం: పన్ను తీసిన తర్వాత వచ్చే నొప్పికైనా, తాత్కాలికంగా భరించవలసిన పంటినొప్పికైనా మొదట వాడవలసినవి ఇబూప్రొఫెన్, నాప్రోక్సెన్ జాతి మందులే, ఒంటరిగా గానీ అసిటమినోఫెన్‌తో కలిపి గానీ. పెద్దవారికి సాధారణంగా ఇబూప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు, అసిటమినోఫెన్ 500 మిల్లీగ్రాములు కలిపి ఆరేసి గంటలకు ఇస్తారు. మన దగ్గర పారాసిటమాల్ అని పిలిచేదే అమెరికాలో అసిటమినోఫెన్, టైలెనాల్ అన్నా అదే. దాని మొత్తం రోజుకు 4 గ్రాములు మించకూడదు. మద్యం ఎక్కువగా తాగేవారికీ, కాలేయ జబ్బు ఉన్నవారికీ ఇంకా తక్కువలో ఆపాలి.

ఈ జంట హైడ్రోకోడోన్‌కు సరితూగుతుందా అన్న సందేహం తరగతిలో తప్పక వస్తుంది. రట్గర్స్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఐదు కేంద్రాలలో, ఇరుక్కున్న జ్ఞానదంతాలు తీయించుకున్న 1,800 మందికి పైగా రోగులతో జరిగిన పరీక్ష ఫలితాలు 2025లో వచ్చాయి. ఇబూప్రొఫెన్, అసిటమినోఫెన్ కలిపి తీసుకున్నవారికే నొప్పి మెరుగ్గా తగ్గింది, నిద్ర కూడా బాగా పట్టింది. ఈ ఒక్క పరీక్ష వివరాలను పట్టికలతో సహా చదివించండి. వయసు మళ్లిన వైద్యుల మనసు మార్చడానికి ఇది బాగా పనికివస్తుంది.

మోతాదుతో సమానంగా సమయపాలన గురించీ చెప్పాలి. మొద్దుబార్చే ఇంజెక్షన్ ప్రభావం తగ్గకముందే మొదటి మోతాదు కడుపులో పడాలి. మొదటి రెండు మూడు రోజులు నొప్పి వచ్చాక కాకుండా, గడియారం చూసి వేసుకోవాలి. పన్ను తీసేటప్పుడు బ్యూపివకైన్ వంటి ఎక్కువసేపు పనిచేసే ఇంజెక్షన్ ఇస్తే మొదటి రాత్రి సులువుగా గడుస్తుంది. ఈ వివరాలన్నీ ఒక కాగితం మీద రాసి, శస్త్రచికిత్సకు ముందే రోగి చేతికిచ్చి, నాలుగు రోజుల్లో నొప్పి ఎలా మారుతుందో చెప్పి పంపాలి. రెండో రోజో మూడో రోజో వాపు పెరుగుతుందని ముందే తెలిసిన రోగికి ఆ రాత్రి భయం తక్కువ.

ఇబూప్రొఫెన్ అందరికీ పడదు. మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండ్లు, రక్తం పలచబడే మందులు, గుండె బలహీనత, ఆస్పిరిన్ పడని ఉబ్బసం, 20 వారాలు దాటిన గర్భం ఉన్నవారి గురించి విడిగా ఒక పావుగంట చర్చించండి. అలాంటివారికి పూర్తి మోతాదు అసిటమినోఫెన్ మొదటి మార్గం.

మన తెలుగు కుటుంబాలు రోగులుగా వచ్చే ప్రాంతాలలో ఒక ప్రశ్న తప్పనిసరిగా చేర్చమని కోరుతున్నాను: "ఇండియా నుంచి తెచ్చుకున్న మాత్రలు ఏమైనా వాడుతున్నారా?" సూట్‌కేసులో డోలో 650, జెరోడాల్ పీ, కెటొరోల్, ఒక్కోసారి అల్ట్రాసెట్ కూడా ప్రయాణం చేసి వస్తాయి. జెరోడాల్ పీలో ఇబూప్రొఫెన్ జాతికి చెందిన అసిక్లోఫెనాక్, పారాసిటమాల్ రెండూ ఉన్నాయి కాబట్టి, మీరు రాసిన జంట దానిమీద పడితే రెండు మందులూ రెట్టింపవుతాయి. అల్ట్రాసెట్‌లో ఉన్న ట్రమడాల్ ఓపియాయిడే. మన దేశంలో కూడా 2018లో దాన్ని మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం పరిధిలోకి తెచ్చారు. ఎవరికి ఏ నియంత్రిత మందు అందిందో నమోదు చేసే అమెరికా రాష్ట్రాల పర్యవేక్షణ వ్యవస్థలో ఈ మాత్రలేవీ కనిపించవు. అడిగితే తప్ప తెలియవు.

నాలుగో పని: ఓపియాయిడ్ రాయక తప్పనప్పుడు

అలాంటి సందర్భాలు ఉంటాయి. పెద్ద శస్త్రచికిత్స తర్వాత మిగతా మందులు చాలనప్పుడు, లేదా అవి పడనప్పుడు, అతి తక్కువ మోతాదు, అతి తక్కువ రోజులు అన్న నియమంతో రాయవచ్చు. సాధారణంగా మూడు రోజులు మించనక్కరలేదు. "అవసరమైతే ఉంటుందిలే" అని ముందుజాగ్రత్తగా రాసిచ్చే చీటీలను మార్గదర్శకాలు వద్దంటున్నాయి. కొడీన్, ట్రమడాల్ మందులను పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదని అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే నిషేధ హెచ్చరిక జారీ చేసింది. కొందరి శరీరం కొడీన్‌ను అతివేగంగా మార్ఫిన్‌గా మార్చేయడం వల్ల శ్వాస ఆగిపోయే ప్రమాదం ఉందన్నది అందుకు కారణం. నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే బెంజోడయజెపైన్లు వాడేవారికి ఓపియాయిడ్ కలిపితే ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. పన్ను పీకడానికి ముందు భయం తగ్గించేందుకు మనమే ట్రయజోలాం అనే బెంజోడయజెపైన్ ఇచ్చి, సాయంత్రానికి హైడ్రోకోడోన్ రాసే అవకాశం ఉన్న వృత్తి కాబట్టి ఈ మాట దంతవైద్యులకు రెండుసార్లు చెప్పాలి.

చీటీ రాసే ముందు రాష్ట్ర మందుల పర్యవేక్షణ సమాచారాన్ని చూడడం చేత్తో చేయించండి. మాటల్లో చెప్పి వదలవద్దు. కాలిఫోర్నియాలో క్యూర్స్, కెంటకీలో కాస్పర్, ఇలా ఒక్కో రాష్ట్రంలో ఒక్కో పేరు. ప్రతి వైద్యుడూ తన సొంత ఖాతాలోకి ప్రవేశించగలుగుతున్నాడో లేదో తరగతికి ముందే సరిచూడండి. అందులో కనిపించేదాన్ని ఎలా చదవాలో నేర్పడం మరింత ముఖ్యం. మూడు చోట్ల నుంచి మందు తీసుకున్నట్టు కనిపించిన రోగి మోసగాడే కానక్కరలేదు. వెన్ను శస్త్రచికిత్స, పంటి చికిత్స ఒకే నెలలో జరిగినవారు కావచ్చు. అలాగే ఏమీ కనిపించకపోతే నిశ్చింతగా ఉండడానికీ లేదు. ఓపియాయిడ్ వ్యసనానికి మెథడోన్‌తో చికిత్స చేసే కేంద్రాలలో రోజూ అందే మోతాదు, గోప్యతా నియమాల వల్ల, సాధారణంగా ఇందులో నమోదు కాదు.

మిగిలిన మాత్రల సంగతి తల్లిదండ్రులకు చెప్పే బాధ్యత ఎవరిదో కూడా నిర్ణయించండి. మందులు పారేయడం మన ఇళ్లలో అలవాటు లేని పని. ఎవరికైనా పనికొస్తాయని సొరుగులో దాస్తాం. ఫార్మసీలలో తిరిగి తీసుకునే పెట్టెలు ఉంటాయి, డీఈఏ ఏటా ఏప్రిల్, అక్టోబరు నెలల్లో సేకరణ దినాలు నిర్వహిస్తుంది. రెండూ అందుబాటులో లేకపోతే హైడ్రోకోడోన్, ఆక్సీకోడోన్ వంటి వాటిని మరుగుదొడ్డిలో వేసి నీళ్లు పోయవచ్చని ఎఫ్‌డీఏ అనుమతిస్తోంది. ఈ నాలుగు వాక్యాలు మీ సూచనల కాగితం అడుగున ఉండాలి.

ఐదో పని: అడగడం నేర్పడం

ఇదే శిక్షణకు ప్రాణం. ఈ భాగంలో మొదటి గంట వ్యసనం అంటే ఏమిటో వివరించండి. మెదడులో తృప్తికీ, ఆత్మనిగ్రహానికీ సంబంధించిన వ్యవస్థలు మారిపోయి, హాని జరుగుతున్నా వాడకం ఆపలేకపోయే దీర్ఘకాలిక జబ్బు అది. చక్కెర వ్యాధిలాగే దానికీ చికిత్స ఉంది, తిరగబెట్టే కాలాలూ ఉన్నాయి. మానసిక వైద్యులు వాడే ప్రమాణంలో 11 లక్షణాలు ఉంటాయి. ఏడాదిలో రెండు మూడు కనిపిస్తే స్వల్పం, నాలుగైదు అయితే మధ్యస్థం, ఆరు గానీ అంతకుమించి గానీ ఉంటే తీవ్రం అంటారు. వైద్యుడు చెప్పినట్టే మందు వాడుతున్న రోగికి శరీరం అలవాటుపడినంత మాత్రాన, మానితే ఇబ్బంది కలిగినంత మాత్రాన దాన్ని వ్యసనంగా లెక్కించరు. దంతవైద్యుడు రోగనిర్ధారణ చేయనక్కరలేదు కానీ ఈ తేడా తెలిసి ఉండాలి.

తరగతి గదిలోనూ కేసు షీటులోనూ వాడే మాటలు మారాలి. తాగుబోతు, మత్తుకు బానిస, మందుల కోసం వచ్చినవాడు వంటి మాటలు రాసిన కాగితాన్ని తర్వాత చదివే ప్రతి వైద్యుడూ ఆ రోగిని అదే కంటితో చూస్తాడు. "ఓపియాయిడ్ వ్యసన రుగ్మత ఉంది, రెండేళ్లుగా చికిత్సలో ఉన్నారు" అని రాస్తే సరిపోతుంది.

ఇక ప్రశ్న. అందరికీ ఒకే ప్రశ్న, ఒకే స్వరంతో వేయాలి. ముఖం చూసి, బట్టలు చూసి, ఒంటిరంగు చూసి కొందరినే అడిగితే అది అవమానమవుతుంది, పైగా దొరకవలసినవారు దొరకరు. ముందు అనుమతి తీసుకోమనండి: "మా దగ్గరకు వచ్చే ప్రతి ఒక్కరినీ ఈ రెండు ప్రశ్నలు అడుగుతామండీ. మేమిచ్చే మందు మీకు పడకుండా పోకూడదని అడుగుతున్నాం. అడగవచ్చా?" ఆ తర్వాత, చాలాచోట్ల వాడుకలో ఉన్న ఒకే ఒక్క ప్రశ్న: "గడిచిన ఏడాదిలో, నిషేధించిన మత్తుపదార్థాన్ని గానీ, డాక్టరు రాసే మందును వైద్యానికి కాకుండా వేరే కారణంతో గానీ ఎన్నిసార్లు వాడారు?" ఇందులో "ఎప్పుడైనా వాడారా" అనకుండా "ఎన్నిసార్లు" అనడం కావాలని చేసినదే, అవునని ఒప్పుకోవలసిన భారం తగ్గి, లెక్క చెప్పడం తేలికవుతుంది. జవాబు ఒక్కసారి అన్నా సరే, తర్వాతి ప్రశ్నలకు వెళ్లాలి. మద్యం గురించి విడిగా అడగాలి.

అమెరికాలోని తెలుగు ఇళ్లలో పెద్దలు దంతవైద్యుని దగ్గరకు కొడుకునో కోడలినో తోడు తీసుకుని వస్తారు. వారే ప్రశ్నలను అనువదిస్తారు. కోడలి ఎదుట మామగారు మద్యం సంగతి చెప్పరు, తల్లి ఎదుట పద్దెనిమిదేళ్ల అబ్బాయి మాత్రల సంగతి చెప్పడు. అందుచేత ఈ ప్రశ్నలు ఎక్స్‌రే గదిలో, రోగి ఒంటరిగా ఉన్నప్పుడు వేసేలా క్లినిక్ పద్ధతి మార్చమని చెప్పండి. భాష రాకపోతే కుటుంబసభ్యుల సాయం తీసుకోకుండా ఫోను దుబాసీని పిలవాలి.

అభ్యాసానికి ముగ్గురేసి జట్లు చేయండి: ఒకరు వైద్యుడు, ఒకరు రోగి, ఒకరు పరిశీలకుడు. పది నిమిషాలకోసారి పాత్రలు మారాలి. రోగి పాత్రకు ముందే ఒక కాగితం రాసివ్వండి. ఉదాహరణకు, ట్రక్కు నడిపే నలభై ఐదేళ్ల వ్యక్తి, నడుం నొప్పికి తన మిత్రుడు ఇచ్చిన ఆక్సీకోడోన్ వారానికి రెండుసార్లు వేసుకుంటున్నాడు, అడిగితే మొదట విసుక్కుంటాడు. వైద్యుడి పాత్రలో ఉన్నవారు దాదాపు ఎప్పుడూ చేసే పొరపాటు, జవాబు వినగానే ఉపన్యాసం మొదలుపెట్టడం. దానికి బదులు విన్నదాన్నే తిరిగి చెప్పించండి: "నడుం నొప్పితో బండి నడపడం కష్టంగా ఉందన్నమాట. ఈ మాత్ర వేసుకున్న రోజు ఎలా ఉంటుంది, మర్నాడు ఎలా ఉంటుంది?" ఆపై మన వృత్తికి సంబంధించిన ఒక్క నిజం చెప్పవచ్చు: బయట దొరికే మాత్రలలో అతి శక్తిమంతమైన ఓపియాయిడ్ ఫెంటానిల్ కలిసి ఉండే ప్రమాదం, నోరు ఎండిపోయి పళ్లు పుచ్చిపోవడం. చివరగా, "దీన్ని మార్చుకోవాలని మీకు ఒకటి నుంచి పది వరకు ఎంత ఉంది?" అని అడగాలి. నాలుగు అంటే, "రెండు కాకుండా నాలుగు ఎందుకన్నారు?" అని అడిగితే, మారడానికి కారణాలు ఆయన నోటే వస్తాయి. ఇదంతా ఐదారు నిమిషాల్లో పూర్తవుతుందని గడియారం పెట్టి చూపించండి. సమయం లేదన్న అభ్యంతరానికి అంతకుమించిన జవాబు అవసరం లేదు.

ఆరో పని: పంపే చోటు ముందే చూసుకోవడం

రోగి సరేనన్న క్షణంలో చేతిలో చిరునామా లేకపోతే ఆ సంభాషణ వృథా. శిక్షణకు ముందే క్లినిక్ ఉద్యోగులలో ఒకరికి ఈ పని అప్పగించండి: చుట్టుపక్కల వ్యసన చికిత్సా కేంద్రాలు, కొత్త రోగులను వారంలోపు చూసేవి ఏవి, ఏ బీమా తీసుకుంటాయి, తెలుగు లేదా హిందీ మాట్లాడే సలహాదారులు ఎక్కడైనా ఉన్నారా అన్నవి ఫోను చేసి కనుక్కోవాలి. దేశమంతటికీ పనిచేసే సహాయ కేంద్రం, అమెరికా ప్రభుత్వ మానసిక ఆరోగ్య, వ్యసన సేవల సంస్థ సామ్‌సా నడిపేది, 1-800-662-4357, రాత్రింబవళ్లు ఉచితం. కాగితం చేతిలో పెట్టి పంపడం కంటే, రోగి అక్కడే ఉండగా ఫోను కలిపి అపాయింట్‌మెంట్ ఇప్పించడం మేలు.

2022 చట్టం వల్ల మరొక మార్పు వచ్చింది. ఓపియాయిడ్ వ్యసనానికి చికిత్సగా ఇచ్చే బ్యూప్రెనార్ఫిన్ రాయడానికి ఇదివరకు వైద్యులకు అవసరమైన ప్రత్యేక అనుమతి రద్దయింది. కాబట్టి మీ రోగి కుటుంబవైద్యుడే చికిత్స మొదలుపెట్టగలడు. ఎక్కడో దూరాన ఉన్న కేంద్రం కోసం వెతకనక్కరలేదు. ఆ వైద్యునికి మీరు రాసే లేఖ నమూనా ఒకటి తరగతిలోనే తయారుచేయించండి.

ఏడో పని: చికిత్సలో ఉన్న రోగికి పంటివైద్యం

ఈ గంటలో మూడు మందుల గురించి చెప్పాలి. బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్ తీసుకునేవారు పన్ను తీయించుకునే రోజున కూడా వాటిని మానకూడదు. ఆపితే తిరిగి వ్యసనంలో పడే ప్రమాదం ఎక్కువ. ఆ రోజువారీ మోతాదు పంటినొప్పికి చాలదు కనుక ఇబూప్రొఫెన్, అసిటమినోఫెన్ పూర్తిగా ఇవ్వాలి. బ్యూప్రెనార్ఫిన్ నొప్పి తగ్గించే ప్రభావం ఆరు నుంచి ఎనిమిది గంటలే ఉంటుంది. దాన్ని రోజుకు మూడు నాలుగు భాగాలుగా తీసుకోవచ్చేమో రాసిన వైద్యుణ్ణి అడగవచ్చు. మన దగ్గర ఆసుపత్రులలో బాగా ఎరిగిన పెంటజోసిన్ వంటి నొప్పి మందులు ఇలాంటివారికి ఇస్తే, ఒక్కసారిగా తీవ్రమైన ఉపసంహరణ లక్షణాలు (మందు మానితే కలిగే బాధలు) మొదలవుతాయి. మెథడోన్ గుండె లయను మార్చే మందు కనుక, చీముకు ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, నోటి పూతకు ఫ్లూకొనజోల్ రాసే ముందు ఆగి ఆలోచించాలి. ఓపియాయిడ్ల ప్రభావాన్ని అడ్డుకునే నాల్ట్రెక్సోన్ తీసుకునేవారికి ఓపియాయిడ్లు పనిచేయవు, ముఖ్యంగా నెలకోసారి ఇచ్చే ఇంజెక్షన్ పొందినవారికి. పెద్ద శస్త్రచికిత్స ఉంటే ఆ మందు ఇస్తున్న వైద్యునితో కలిసి తేదీ నిర్ణయించాలి.

నోట్లో కరిగే బ్యూప్రెనార్ఫిన్ వల్ల పళ్లు దెబ్బతినవచ్చని 2022 జనవరిలో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఈ హెచ్చరికను చూసి రోగి మందు మానేయకుండా చూడడం దంతవైద్యుని పని. మందు పూర్తిగా కరిగాక నీళ్లు నోట్లో పోసుకుని నెమ్మదిగా తిప్పి మింగమని, కనీసం ఒక గంట ఆగి పళ్లు తోముకోమని, ఫ్లోరైడ్ ఎక్కువగా వాడమని చెప్పాలి. మద్యం మానినవారికి మద్యం కలిసిన నోటి కడుగుడు మందు రాయకూడదు. గడిచిన 24 గంటల్లో కొకైన్ గానీ మెథాంఫెటమిన్ గానీ వాడినవారికి అడ్రినలిన్ కలిసిన ఇంజెక్షన్ ఇవ్వకుండా, అత్యవసరం కాని చికిత్సను వాయిదా వేయాలి.

మందు కోసమే వచ్చాడని అనుమానం కలిగిన రోగి విషయంలో నేను చెప్పేది ఒకటే. ముందు పన్ను చూడండి. నిజంగా చీము ఉన్నవారిని కూడా ఆ అనుమానంతో తిప్పి పంపడం జరుగుతోంది. నొప్పికి కారణం ఉంటే ఆ రోజే చికిత్స చేయండి, ఓపియాయిడ్ ఎందుకు ఇవ్వడం లేదో మర్యాదగా వివరించండి, ఐదో పనిలో నేర్చుకున్న ప్రశ్న వేయండి. తలుపు వేయడం మాత్రం వద్దు.

ఎనిమిదో పని: నాలోక్సోన్ కసరత్తు

2021, 2022, 2023 సంవత్సరాలలో అమెరికాలో ఏటా లక్షమందికి పైగా మత్తుమందుల మోతాదు మించి చనిపోయారు. ఓపియాయిడ్ మోతాదు మించినప్పుడు దాని ప్రభావాన్ని తిప్పికొట్టే మందు, ముక్కులో కొట్టే 4 మిల్లీగ్రాముల నాలోక్సోన్, 2023 మార్చిలో చీటీ లేకుండా అమ్మడానికి అనుమతి పొందింది. ప్రతి క్లినిక్‌లో రెండు ఉండాలి. రిసెప్షన్‌లో కూర్చునేవారితో సహా అందరూ లేచి నిలబడి చేయాలి: పిలిచి చూడడం, 911కు ఫోను చేయడం, ఒక ముక్కు రంధ్రంలో మందు కొట్టడం, శ్వాస అందించడం, రెండు మూడు నిమిషాల్లో స్పందన లేకపోతే రెండోది రెండో రంధ్రంలో కొట్టడం. దీనికి ఇరవై నిమిషాలు చాలు. ఏడాదికోసారి మందు గడువు తేదీ చూడడం ఎవరి పనో రాసి గోడకు అంటించండి.

వైద్యులలోనే ఎవరైనా మద్యానికో, దంతవైద్యంలో వాడే మత్తు వాయువు నైట్రస్ ఆక్సైడుకో అలవాటుపడి ఉంటే, రాష్ట్ర దంతవైద్య సంఘాల సహాయ కార్యక్రమాలు ఉన్నాయని ఈ సందర్భంలోనే అందరి ముందూ ఒకసారి చెప్పండి. ఎవరికోసం చెబుతున్నారో తెలియకుండా చెప్పగలిగిన సమయం ఇదే.

తొమ్మిదో పని: మూడు నెలల తర్వాత

తరగతి మొదట్లోనూ చివర్లోనూ ఒకే రోగి వివరాలిచ్చి మందుల చీటీ రాయించండి. రెండూ పక్కపక్కన పెడితే ఏం నేర్చుకున్నారో తెలుస్తుంది. హాజరు పట్టిక, అంశాల వారీగా గంటల లెక్క, సర్టిఫికెట్ నకళ్లు క్లినిక్ దగ్గర భద్రపరచండి. డీఈఏ ధ్రువీకరణ సమయంలో కాగితాలు పంపమని అడగకపోయినా, తర్వాత అడిగితే చూపించగలగాలి.

మూడు నెలలకు గంటసేపు మళ్లీ కూర్చోండి. రెండో పనిలో చేసిన పట్టికను కొత్త లెక్కలతో నింపి చూడండి. ఓపియాయిడ్ చీటీలు తగ్గి, రాత్రివేళ నొప్పితో ఫోను చేసేవారి సంఖ్య పెరిగితే, మూడో పనిలోని సూచనల కాగితం రోగులకు సరిగా చేరడం లేదని అర్థం. ఎంతమందిని ప్రశ్న అడిగారు, ఎంతమందిని చికిత్సకు పంపారు, వారిలో ఎందరు అక్కడికి చేరారు అన్న మూడు అంకెలు కూడా రాయండి. చేరనివారికి క్లినిక్ నుంచి ఒక ఫోను వెళ్లాలి. ఆ పనికి సాధారణంగా దంత పరిశుభ్రత చూసే సహాయకురాలే సరైన వ్యక్తి, ఎందుకంటే ఆరునెలలకోసారి ఆ రోగితో ఎక్కువసేపు గడిపేది ఆమే. అందుచేత వచ్చే విడత శిక్షణకు ఆమెను మొదటి వరసలోనే కూర్చోబెట్టండి.